పాస్‌వర్డ్ కాదు, గడియారం తప్పు

ఎడిటర్ గారికి,

సైబర్ మోసాల గురించి రోజూ వేస్తున్నారు, బాగుంది. ఈ చిన్న తలనొప్పి గురించీ కాస్త వేయండి.

మాదాపూర్‌లో ఒక కంపెనీ కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. సోమవారం పొద్దున ఫోన్ మోగిందంటే మాట ఒకటే, "లాగిన్ అవట్లేదండీ". పాస్‌వర్డ్ తప్పేమోనని కొట్టిందే కొట్టి చివరికి అకౌంట్ లాక్ చేసుకుంటారు. మొన్న అకౌంట్స్ మేడమ్ గారికి రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చినా లాభం లేకపోయింది, తీరా చూస్తే ఆ కంప్యూటర్ గడియారం ఇరవై నిమిషాలు వెనక ఉంది. విండోస్ నెట్‌వర్క్‌లో కెర్బెరోస్ అనే పద్ధతి, సర్వర్ టైముకీ మన టైముకీ మామూలుగా 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లోపలికి రానివ్వదు. కంప్యూటర్ లోపల ఆ గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది, అంతే!

పాస్‌వర్డ్ మార్చాక ఫోన్‌లోని ఆఫీసు మెయిల్‌లోనూ మార్చాలి. లేకపోతే అది పాతదే పంపుతూ మళ్లీ మళ్లీ లాక్ చేయిస్తుంది.

అసలు నెలనెలా మార్చమనడమే నాకు నచ్చదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా గడువు పెట్టి మార్పించొద్దంది. మా దగ్గర మాత్రం మార్పిస్తూనే ఉన్నారు, జనం చీటీ మీద రాసి కీబోర్డు కింద పెడుతూనే ఉన్నారు.

– ఒక ఐటీ ఉద్యోగి, కూకట్‌పల్లి, హైదరాబాద్