జూన్, జూలై, ఆగస్టుల్లో బాక్స్ కొన్నవాళ్లు ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. ఆ మూడు నెలల్లో మా దగ్గర హామ్ రేడియోని (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో) కంప్యూటర్‌కి కలిపే బాక్స్ తీసుకున్నవాళ్లు ముందు రేడియో వెనక డేటా జాక్‌లోంచి మా కేబుల్ పీకేసి, ఆ తర్వాత మిగతాది చదవండి. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఆర్3 అని ఉంటే దానిలో లోపం ఉంది. తప్పు మాదే.

ఆగస్టు చివర్లో అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ ఫోన్ చేశారు. "ఏంది నాయనా ఇది, కంప్యూటర్ ఆన్ చేస్తానే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి పోతాంది!" అన్నారు. వాక్స్ (శబ్దం వినగానే రేడియోని ట్రాన్స్‌మిట్‌లో పెట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి సార్ అన్నాను, సెట్టింగ్‌లోనే ఏదో పొరపాటు ఉంటుందని నా నమ్మకం. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి మళ్లీ ఫోన్ చేశారు. "వాక్స్ ఆఫ్‌లోనే ఉంది. నీ వైరు పీకితే ఆగుతాంది." ఇక నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

ఆ రాత్రి షాపులోనే ఉండిపోయి, నా ఎఫ్‌టీ-857 రేడియోకి యాంటెన్నా తీసి, పవర్ గాల్లోకి పోకుండా డమ్మీ లోడ్ పెట్టి, ఇంట్లో పిల్లలు వాడే ల్యాప్‌టాప్ తెచ్చి బాక్స్ తగిలించాను. పవర్ బటన్ నొక్కీ నొక్కగానే రేడియో మీద ట్రాన్స్‌మిట్ ఎర్ర లైటు వెలిగింది, కంప్యూటర్ బాక్స్‌ని గుర్తుపట్టేదాకా వెలుగుతూనే ఉండి ఆరింది. తర్వాత ల్యాప్‌టాప్ మూత వేశాను. స్లీప్‌లోకి వెళ్లగానే ఎర్ర లైటు మళ్లీ వచ్చింది, ఈసారి ఆరలేదు. నాలుగు నిమిషాలు చూసి నేనే వైరు లాగేశాను, అప్పటికే హీట్ సింక్ వెచ్చబడింది.

సైడ్‌బ్యాండ్ మోడ్‌లో ఆడియో లేకపోతే బయటికి పవర్ పెద్దగా పోదు కదా అని కొందరు అన్నారు. నిజమే, కానీ ల్యాప్‌టాప్‌లో ఏ నోటిఫికేషన్ మోగినా ఆ శబ్దం నేరుగా గాల్లోకి వెళ్తుంది. అదే ఎఫ్ఎంలో ఉంటే ఆడియో లేకపోయినా పూర్తి పవర్‌తో క్యారియర్ పోతుంది, మీ ఊరి రిపీటర్ (అందరి సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే స్టేషన్) మీద ఉన్నారంటే ఊళ్లో ఇంకెవరూ మాట్లాడలేరు. లైసెన్స్ మీ పేరు మీద ఉంటుంది, జవాబు చెప్పుకోవాల్సింది మీరే. నాకు నిద్ర పట్టనిది అందుకే.

కారణం చిన్నదే. మేం మామూలుగా వాడే యూఎస్‌బీ-సీరియల్ చిప్ దొరక్కపోతే, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో వేరే లాట్ కొన్నాం, పైన నంబర్ అదే, సైజు అదే. పాత చిప్‌లో ఆర్‌టీఎస్ అనే కాలు పని లేనప్పుడు 'హై'లో (వోల్టేజ్ ఉండి) ఉంటుంది, 'లో'కి (సున్నా దగ్గరికి) దిగితే ఆప్టోకప్లర్ (వెలుతురుతో పనిచేసే స్విచ్ లాంటి ఐసీ) లోపలి ఎల్‌ఈడీ వెలిగి, రేడియోని ట్రాన్స్‌మిట్‌లో పెట్టే పీటీటీ లైన్‌ని గ్రౌండ్‌కి కలుపుతుంది. కొత్త లాట్‌లో కంప్యూటర్ గుర్తుపట్టేదాకా, మళ్లీ స్లీప్‌లోనూ ఆ కాలు 'లో'లోనే ఉంటోంది. అమ్మినవాళ్లను అనడం లేదు, పరీక్షించి పంపాల్సింది నేను. నేను పరీక్షించింది షాపులో ఎప్పుడూ ఆఫ్ చేయని డెస్క్‌టాప్ మీద. ఆన్ చేస్తే ఏమవుతుంది, నిద్రపోతే ఏమవుతుంది అని ఒక్కసారి కూడా చూడలేదు.

బాక్స్ పంపేలోపు వాడుకోవాలంటే ఒక దారి ఉంది. నాలుగు స్క్రూలు విప్పితే సాకెట్‌లో ఆరు కాళ్ల తెల్లటి ఐసీ కనిపిస్తుంది, 4ఎన్35 అని రాసి ఉంటుంది, ఆప్టోకప్లర్ అదే. చిన్న స్క్రూడ్రైవర్‌తో రెండువైపులా కొంచెం కొంచెం లేపి తీసేయండి. ఇక పీటీటీ లైన్ తెగిపోయినట్టే, డేటా కేబుల్ మళ్లీ పెట్టుకోవచ్చు. ఎఫ్‌టీ-817, 857, 897 ఉన్నవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పీటీటీని క్యాట్‌కి (కంప్యూటర్ కమాండ్‌లతో రేడియోని నడిపే పద్ధతి) మార్చుకుంటే, ఎనిమిది పిన్నుల క్యాట్ కేబుల్ ద్వారా రేడియోకి కమాండ్ వెళ్తుంది, ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ మోడ్) మామూలుగానే నడుస్తుంది. పాత ఐకామ్‌లు కొన్ని కమాండ్‌తో ట్రాన్స్‌మిట్ కావు, వాళ్లు బాక్స్ పంపక తప్పదు.

మరమ్మతు ఉచితం, కొరియర్ రెండువైపులా మాదే. 58 బాక్స్‌లు వెళ్లాయి, 37 మందితో ఫోన్‌లో మాట్లాడాను. మిగతావాళ్ల నంబర్లు కలవడం లేదు, కొందరు స్నేహితులకు ఇచ్చేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నా, మీకు తెలిసినవాళ్ల దగ్గర ఉంటే దయచేసి చెప్పండి.

కొత్త బోర్డు ఆర్4లో చిప్‌కున్న ఆర్‌టీఎస్, డీటీఆర్ రెండు కాళ్లూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటేనే ఎల్‌ఈడీ వెలుగుతుంది, రెండూ కలిసి 'లో'కి పడిపోతే రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లదు. అందుకోసం సాఫ్ట్‌వేర్‌లో డీటీఆర్‌ని 'లో' అని పెట్టాలి (సాఫ్ట్‌వేర్‌లో 'లో' అంటే చిప్ కాలు దగ్గర 'హై'), మరిచిపోతే పీటీటీ అసలు పనిచేయదు. దాని మీద ఒక టైమర్ కూడా పెట్టాను, మూడు నిమిషాలు దాటితే అదే కట్ చేస్తుంది. ఎఫ్‌టీ8లో ఒక ప్రసారం 12.64 సెకన్లే, అర నిమిషం చాలదా అని మా తమ్ముడు వాదించాడు. కానీ ఎస్ఎస్‌టీవీలో (రేడియో మీద బొమ్మలు పంపే పద్ధతి) మార్టిన్ 1 రకం బొమ్మ ఒక్కటి పంపడానికే 114 సెకన్లు పడుతుంది, బొమ్మ మధ్యలో తెగిపోతే ఎవరికి బాగుంటుంది. ఈ మార్పులతో ధర 2,400 నుంచి 2,650 రూపాయలకు పెరుగుతోంది, ఆర్3 పంపినవాళ్లకు మాత్రం ఏమీ తీసుకోకుండా ఆర్4 బోర్డే వేసిస్తాను.

ఇంకో మాట. ఈ నెలలో ముగ్గురు ఐకామ్ ఐసీ-7300 రేడియోకి బాక్స్ అడిగారు, ముగ్గురికీ వద్దనే చెప్పాను. ఆ రేడియోలోనే సౌండ్ కార్డు ఉంది, మామూలు ప్రింటర్ కేబుల్ ఒకటి తగిలిస్తే ఆడియో, కమాండ్లు రెండూ దాని మీదే నడుస్తాయి. మన హైదరాబాద్‌లో తయారైన మైక్రో బిట్ఎక్స్ రేడియో ఉన్నవాళ్లకు కూడా క్యాట్ కోసం నా బాక్స్ అక్కర్లేదు, అది యూఎస్‌బీలో ఎఫ్‌టీ-817లాగే మాట్లాడుతుంది, ఆడియోకి మాత్రం ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే హమ్ రాదు.

అనంతపురం సార్ బాక్స్ శుక్రవారం వచ్చింది. మూడు ల్యాప్‌టాప్‌ల మీద ఆన్, ఆఫ్, స్లీప్ ఇరవై సార్లు చేసి చూస్తున్నాను, సోమవారం పంపేస్తాను. ఇకనుంచి ప్రతి బాక్స్‌కీ ఇదే పరీక్ష, కాబట్టి ఆర్డర్లు వారం ఆలస్యమవుతాయి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయండి, ఆదివారం కూడా షాపులోనే ఉంటాను.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).