భోగి రాత్రి ఫోన్ ఎత్తిన ఇద్దరికి

మా తమ్ముణ్ణి అడిగే ఈ పోస్టు పెడుతున్నాను. "నా పేరొక్కటీ రాయకు అక్కా, మిగతాదంతా రాసెయ్" అన్నాడు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. తమ్ముడు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాడు. ఎమ్మెస్సీ అయిపోయి ఏడాది దాటింది, సరైన ఉద్యోగం దొరకలేదు. వాడి చదువు కోసం తెచ్చిన అప్పుకి ఇక్కడ ఇల్లు తాకట్టులో ఉంది. ఇవన్నీ ఇంట్లో అందరికీ తెలుసు. వాడు నెలల తరబడి రాత్రిళ్ళు నిద్రపోవడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ జనవరిలో, భోగి సాయంత్రం మా పాపకి భోగిపళ్ళు పోస్తుంటే వాడు వీడియో కాల్‌లో చూస్తూనే ఉన్నాడు. రేగిపళ్ళూ చిల్లరా నేలమీద దొర్లుతుంటే "నాకూ రెండు దాచండి" అని నవ్వాడు. రాత్రి ఎనిమిదిన్నరకి మెసేజ్ వచ్చింది. "అక్కా, అమ్మని బాగా చూసుకో." అంతే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎత్తలేదు.

అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆవిడకి వినపడకూడదని మేడమీదికి వెళ్ళాను. నేను పనిచేసే స్కూల్లో, స్టాఫ్ రూమ్ గోడకి ఒక హెల్ప్‌లైన్ కాగితం అతికించి ఉంటుంది. మనసు బాగోలేకపోతే ఫోన్ చేయండి, వలంటీర్లు మాట్లాడతారు అని. పిల్లలకి పనికొస్తుందేమోనని ఎప్పుడో ఫోటో తీసుకున్నాను. అది వెతికి ఆ నంబర్‌కి చేశాను.

"చెప్పండమ్మా" అందొక పెద్దావిడ గొంతు. నాకు మాట రాలేదు. ఆవిడ "హలో హలో" అనలేదు, పెట్టేయలేదు. కాసేపాగి, "పర్లేదమ్మా, తొందరేం లేదు. ఇక్కడే ఉన్నాను" అంది. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకాలే మాటలూ వచ్చాయి.

మెసేజ్ చదివి వినిపించమంది. వాడి పక్కన ఎవరైనా ఉంటారా అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చాడు, అదే ఇంట్లో ఉండే తెనాలి అబ్బాయి. గోంగూర పచ్చడి పార్సిల్ విషయంలో ఒకసారి నాకు ఫోన్ చేశాడు కూడా. "ముందు అతనికి చెయ్యండి. ప్రమాదంగా ఉంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999కి అతనే చెయ్యాలి, ఇక్కడినుంచి మీరు నొక్కితే అది అక్కడి వాళ్ళకి వెళ్ళదు. అయ్యాక మళ్ళీ నాకు చెయ్యండి, నేనే ఎత్తుతాను" అంది. ఆ కంగారులో ఈ ముక్క నాకు తట్టేదే కాదు. తెనాలి అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. తలుపు కొట్టాడు. తమ్ముడు తీశాడు.

మళ్ళీ ఆవిడకి చేసి, ఇప్పుడు వాడితో ఏం మాట్లాడాలి అని అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండమ్మా" అంది. నా చేతులు వణికాయి. ఆ మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అన్నాను. అడిగితే ఆలోచన పుట్టదనీ, ఉన్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుందనీ నెమ్మదిగా చెప్పింది. అడిగాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అవునక్కా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు ఆవిడ ఒక నంబర్ ఇచ్చింది. 116 123. బ్రిటన్‌లో, బాధలో ఉన్నవాళ్ళ మాట వినే సమారిటన్స్ అనే సంస్థది. పగలూ రాత్రీ ఉంటుంది, ఫోన్‌లో బ్యాలెన్స్ లేకపోయినా కలుస్తుంది. నేను మాట్లాడుతున్నానుగా, మళ్ళీ వాళ్ళెందుకు అన్నాను కాస్త ఉక్రోషంగా. "అక్కకి చెప్పలేనివి కొన్ని ఉంటాయి కదమ్మా" అంది.

తమ్ముడు చేశాడు. నలభై నిమిషాలు మాట్లాడాడట. అవతల ఒక ఇంగ్లీషావిడ. మధ్యలో వాడికే తెలియకుండా తెలుగులోకి వెళ్ళిపోయాడట. అప్పు గురించీ, నాన్న పోయిన ఏడాది గురించీ గబగబా తెలుగులోనే చెప్పేశాడట. గుర్తొచ్చి ఆగి "సారీ" అంటే, "నాకు భాష అర్థం కాలేదు, కానీ నువ్వు చెప్పు, నేను వింటున్నాను" అందట ఆవిడ. ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతు వేరేగా ఉంది. నేనైతే ఇప్పటికీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను.

ఇక్కడి సెంటర్ రాత్రి పదికి మూసేస్తారు. ఆవిడ పదీ నలభై దాకా నాతో ఉంది. తమ్ముడు ఫోన్ చేసి "అన్నం తింటున్నానక్కా" అన్నాడని చెప్పాకే పెట్టింది. అర్ధరాత్రి నాకు గాభరాగా అనిపిస్తే టెలీ మానస్‌కి, 14416కి చెయ్యమంది. అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన ఉచిత లైను, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున మూడింటికి నిజంగానే చేశాను. అక్కడ మాట్లాడిన అబ్బాయికి కూడా నా నమస్కారాలు.

పండగ వెళ్ళాక ఆవిడకి థాంక్స్ చెప్పుకుందామని సెంటర్‌కి వెళ్ళాను. ఆ రోజు ఎవరు ఎత్తారో చెప్పలేదు. చెప్పరట, అది వాళ్ళ నియమం. నేను ఎవరో కూడా అడగలేదు. మరి ఇక్కడి ఆవిడా అక్కడి ఆవిడా ఒకే ఇంట్లో పెరిగినట్టు ఒకేలా ఎలా మాట్లాడారు అని అడిగాను. అక్కడున్న పెద్దాయన కూర్చోబెట్టి చెప్పాడు.

1953లో లండన్‌లో చాడ్ వరా అనే చర్చి ఫాదర్ ఈ సమారిటన్స్ ఫోన్ సేవ మొదలుపెట్టాడట. అంతకు చాలా ఏళ్ళ ముందు, 1935లో, పద్నాలుగేళ్ళ పిల్లకి ఆయన అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. మొదటిసారి నెలసరి వస్తే అదేదో పాడు రోగం అనుకుని ప్రాణం తీసుకుంది ఆ పిల్ల. చెప్పుకోడానికి ఎవరూ లేక. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు బయట కూర్చుని ఉంటే కొందరు మామూలు మనుషులు టీ ఇచ్చి కబుర్లు చెప్పేవాళ్ళు. చాలామంది ఆ టీ తాగి, మనసులో ఉన్నది వాళ్ళకే చెప్పుకుని, ఫాదర్‌ని కలవకుండానే తేలికపడి వెళ్ళిపోయేవాళ్ళట. అది చూసి ఆయన 1954లో వినే పని ఆ వలంటీర్లకే అప్పజెప్పేశాడు. అప్పటికి ఆ దేశంలో ఆత్మహత్యాయత్నం నేరం. 1961లో గానీ ఆ చట్టం మారలేదు. మన దగ్గరా 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. తర్వాత విషయం తెలిసినప్పుడు మా అమ్మ మొదట అడిగింది "కేసు అవుతుందా" అనే, అందుకే ఇది రాస్తున్నాను.

1974లో ఈ తరహా సెంటర్లని దేశాలు దాటి కలుపుతూ బిఫ్రెండర్స్ సంస్థ ఏర్పడింది. 1986లో చెన్నైలో స్నేహా, ఆ తర్వాత హైదరాబాద్‌లో రోష్నీ ఆ దారిలోనే వచ్చాయి. ఆస్ట్రేలియాలో 1963లో పుట్టిన లైఫ్‌లైన్, యూరప్ హెల్ప్‌లైన్లు 1967లో కట్టుకున్న సమాఖ్య, ఇవి వేరు. అయినా ఒకరి శిక్షణ పద్ధతులు ఒకరు నేర్చుకుంటారట, ఒకరి దగ్గరికి వచ్చినవాళ్ళని ఇంకొకరి దగ్గరికి పంపుతారట. తీర్పు చెప్పొద్దు, సలహా రుద్దొద్దు, విన్నది బయట పెట్టొద్దు. నాకు 116 123 ఇచ్చింది కూడా వాళ్ళ టేబుల్ మీద, అద్దం కింద పెట్టుకున్న ఒక కాగితం చూసి. దేశాల పేర్లు, పక్కన నంబర్లు. పేజీ అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఎన్ని ఇళ్ళవాళ్ళకి చదివి వినిపించారో దాన్ని.

తమ్ముడు ఇప్పుడు అక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు, మందులు వాడుతున్నాడు. అప్పు ఎక్కడికీ పోలేదు, ఉద్యోగమూ ఇంకా రాలేదు. కానీ రోజూ రాత్రి నాకు ఫోన్ చేస్తున్నాడు, బాగోలేని రోజున బాగోలేదనే చెబుతున్నాడు.

అక్కడ ఆ ఫోన్ ఎత్తినమ్మా, మీరు ఇది చదవలేరు. మీకు అర్థం కాని భాషలో మా తమ్ముడు చెప్పుకున్నదంతా విన్నారు. మీ రుణం మా ఇంటిల్లిపాదీ ఉంచుకున్నాం. తెనాలి బాబూ, ఈసారి పచ్చడి పార్సిల్ నీ పేరు మీదే వస్తుంది.

కిందటి వారం అరిసెలు చేసి సెంటర్‌లో ఇచ్చి వచ్చాను. డబ్బా మీద ఎవరి పేరు రాయాలో తెలియక, "భోగి రాత్రి పదీ నలభై దాకా ఉన్న అమ్మకి" అని రాశాను.