గోడ సంగతి

చి.ల.సౌ. సుజాతకు,
నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ళు మామూలే. మీ ఇంటి గులకరాళ్ళ గోడ మీద కొత్త ప్లాస్టరింగ్ వేయించొచ్చా అని అడుగుతూ నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఆ తర్వాత నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మొన్న సత్తిబాబు పెళ్ళిలో భాస్కరం బాబాయి ఏదో అన్నాడు, అల్లుడుగారి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని. భాస్కరం మాటలు నీకు తెలిసినవే. నేనేమీ అడగడం లేదు. గోడ గురించే రాస్తున్నాను.

1930లలో కట్టిన ఇల్లన్నావు. అప్పట్లో ఇంగ్లండులో గోడకు పూసిన పచ్చి మాలు మీద గులకరాళ్ళు విసిరి కొట్టేవాళ్ళు. దాని మీదే కొత్త ప్లాస్టరింగ్ వేయొచ్చు, కాకపోతే పాతది గోడను గట్టిగా పట్టుకుని ఉండాలి. సుత్తి పిడితో గోడంతా తట్టించు. గుల్లగా మోగిన చోటల్లా ఇటుక కనపడేదాకా కొట్టేయించి, ముందు ఆ గుంటలు పూడ్పించు. నాచు, పెచ్చులూడే రంగు పోయేలా కడిగించి ఆరనివ్వాలి. తర్వాత రాళ్ళ సందులు నిండేలా ఒక పూత, అందులో ఫైబర్ మెష్ అనే జాలీ, అది ఆరాక పైన పల్చటి పూత. అంతా ఒక్క రోజులో మందంగా లాగించేస్తానన్న మేస్త్రిని గుమ్మం ఎక్కనివ్వకు.

తణుకు పెదనాన్న ఇంటి సంగతి నీకు తెలీదు, నువ్వప్పుడు చంటిపిల్లవి. పాత సున్నపు గోడ మీద ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక కలిపిన మాలు కొట్టించాడు. బస్తాలు లెక్కపెట్టుకుని ఒకటే మురిపెం. "అన్నయ్యా, కింద మెత్తన, పైన బిగువు. బిగుసుకుంటూ అడుగుదాన్ని కూడా లాగేస్తుంది" అన్నాను. తమ్ముడి మాట ఎవడు వింటాడు! రెండు వానాకాలాలు ఆగింది. ఆ పై ఎండాకాలంలో పెద్దమ్మ వడియాలు పెడుతుంటే, పడమటి గోడ నుంచి మంచమంత పెళ్ళ సున్నంతో సహా ఊడి తులసికోట పక్కన పడింది. చాప నీడకు లాక్కోబట్టి ఆవిడ బతికింది. మేస్త్రిని పిలిపిస్తే వచ్చి, గోడ నిమిరి, "ఇల్లు పాతదండీ" అన్నాడు. పెదనాన్న అతనికి కాఫీ ఇప్పించి మరీ పంపాడు.

కొత్త పూత నేలకు ఆనకూడదు. అరడుగు పైనే, డీపీసీ (నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొర) కిందికి దిగకుండా ఆపించు. లేదంటే చెమ్మ ఎక్కుతుంది. గోడ మందం పెరిగి కిటికీల కింది అంచు లోపలికి పోతే వాననీళ్ళు గోడ మీదికే కారతాయి, అదీ చూసుకో. ఒక గోడలో సగానికి మించి కొత్తగా వేయిస్తే అక్కడ ఇన్సులేషన్ నిబంధనలున్నాయి, ముందే కౌన్సిల్‌లో కనుక్కో.

అయినా ఇప్పుడెందుకమ్మా? అక్టోబరు వచ్చేసింది. 5 డిగ్రీల కింద మాలు సరిగ్గా బిగవదు, రాత్రి మంచు పట్టిందంటే పొడిపొడిగా రాలుతుంది. ఏప్రిల్ దాకా ఆగితే కొంపేం మునగదు. చేతిలో నాలుగు డబ్బులూ ఉంటాయి. జీతాలు వస్తున్నప్పుడు ఒక లెక్క, అప్పుచేసి గోడకు సోకులంటే ఇంకో లెక్క. మళ్ళీ క్లాసు పీకుతున్నానని అమ్మ పక్కనుంచి అంటోంది. కౌలు డబ్బు వచ్చింది, కదపలేదు. గోడ కోసమే అని కాదు.

భాస్కరం కొడుకు 20న బయల్దేరుతున్నాడు. ఆవకాయ, కందిపొడి పంపుతున్నాం. సీసా మూతకు టేపు చుట్టించాను, సింకులో పెట్టుకుని విప్పు. వాణ్ణి ఏ వేళకు తెచ్చివ్వమనాలో రాయి. పగటిపూట ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?

మీ నాన్న