జెట్టీ రేకుల మీది వానను సముద్రం పాలు చేయొద్దు

సంపాదకుని గారికి,

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) ఏడాదికి దాదాపు 3,000 మి.మీ. వాన కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా పడవలు ఆగే జెట్టీల దగ్గర మంచినీటికి కటకటే. ఊరికి ముఖ్య ఆధారం ధనిఖారి జలాశయం. ఎండలు ముదిరితే కుళాయి రోజూ రాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారులున్న జంగ్లీఘాట్‌లో ఇంటికీ, పడవకీ, ఐసుకీ ఆ నీళ్లే దిక్కు. టన్ను ఐసుకే వెయ్యి లీటర్లు కావాలి.

కరువు రాగానే సముద్రపు నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు పెట్టమంటారు. అదీ కావాలి. కానీ ముందు చూడాల్సింది జెట్టీ షెడ్ల రేకులు. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే లీటరు నీరు. 500 చదరపు మీటర్ల షెడ్డు మీద ఏడాదికి 15 లక్షల లీటర్లు పడతాయి. ఐదో వంతు వృథా పోయినా 12 లక్షలు మిగులుతాయి. రోజుకు 5,000 లీటర్ల చొప్పున 120 ఎండ రోజులకు కావలసింది 6 లక్షలే.

దానికి ఒకే పెద్ద సంపు తవ్వితే మాత్రం నష్టపోతాం. ఇది భూమి కంపించే చోటు. ఒడ్డున భూమిలో ఉన్న సంపుకు వెంట్రుకంత బీట పడినా పోటు వేళ ఉప్పునీరు లోపలికి చేరి సంపులోని మొత్తం నీళ్లు పాడవుతాయి. నేల మీదే, లక్ష లీటర్లవి ఆరు ట్యాంకులు, దేనికి దానికి వాల్వు పెట్టి కట్టాలి. వారానికోసారి టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పులను కొలిచేది) ముంచి చూడాలి. ఉన్నట్టుండి అంకె పెరిగిన ట్యాంకు వాల్వును వెంటనే మూసేయాలి.

గంటకు 100 మి.మీ. జడివానలో ఆ షెడ్డు నుంచి 50 వేల లీటర్లు దిగాలి. సన్న పైపులు పెడితే గట్టర్లు (రేకుల అంచున నీటిని పట్టే కాలువలు) పొంగి నీరంతా నేలపాలే. 110 మి.మీ. పైపులు నాలుగైనా ఉండాలి. ఎండాకాలమంతా రేకుల మీద ఉప్పు తుంపర, పక్షుల రెట్ట పేరుకుంటాయి కాబట్టి తొలి 2 మి.మీ. వానను, అంటే వెయ్యి లీటర్లను, బయటికి వదిలేయాలి.

పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఇంకోటుంది. పడవ అడుగున చేరిన మురికినీటిలో గొట్టం కొస మునిగి ఉండగా సరఫరా ఆగితే, పైపు ఆ మురికిని వెనక్కి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు అదే పక్క కుళాయిలోంచి బిందెలో పడుతుంది. నీళ్లు ఆగి ఆగి వచ్చే చోట జెట్టీ కుళాయి ప్రతిదానికీ నీటిని వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు తప్పనిసరి. గొట్టం చివర నొక్కితేనే నీళ్లొచ్చే నాజిల్ ఉండాలి. నిమిషానికి 15 లీటర్లు వచ్చే గొట్టాన్ని పది నిమిషాలు వదిలేస్తే 150 లీటర్లు పోయినట్టే. డెక్కు కడగడానికి హార్బరు బయటి సముద్రపు నీరు చాలు.

ఇక ఆర్‌ఓ ప్లాంటు. నీటిని తోడే పైపును హార్బరు లోపల పెట్టొద్దు. డీజిల్ తెట్టు మెంబ్రేన్‌ను (ఉప్పును వడగట్టే పలుచటి పొరను) పూడ్చేస్తుంది, ఒకసారి పట్టిందంటే కడిగినా వదలదు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ పొరను తినేస్తుంది కాబట్టి మెంబ్రేన్‌ను కడిగే కుళాయి నీటిని ముందు కార్బన్ ఫిల్టరు గుండా పంపాలి.

వానలు మే నెలలో మొదలవుతాయి. జెట్టీల బాధ్యత చూసే అధికారులు ఆలోపే గట్టర్లు బిగించి, ఒక్క ట్యాంకైనా సిద్ధం చేయాలి. మిగతా ఐదూ ఏటా ఒకటి చొప్పున కట్టుకోవచ్చు.

– ఒక పాఠకుడు, జంగ్లీఘాట్