కొత్త వీసీ మాట విద్యార్థులకు చేరాలి

సంపాదకునికి,

విశాఖలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన నీలి బెండపూడి 2022 మేలో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి 19వ అధ్యక్షురాలయ్యారు. బడ్జెట్ లోటు, కొత్త నియామకాల నిలుపుదల లాంటి చేదు కబుర్లు కూడా ఆ ఏడాదే క్యాంపస్‌కు చెప్పేశారు. నాకు నచ్చింది అదే.

మా అమ్మాయి చదివే యూనివర్సిటీకి ఈమధ్యే కొత్త వీసీ వచ్చారు. పరీక్ష వాయిదా పడిన సంగతి పిల్లలకు రాత్రి పదకొండింటికి, ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ ఫొటోలో తెలిసింది. అందులో సంతకం సగమే కనిపిస్తోంది. నిజమో కాదో తేలక తెల్లవార్లూ టెన్షన్‌తో పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

వీసీ గారు నెలకో ఉత్తరం తెలుగులోనూ రాయాలి. పరీక్షల తేదీలు, మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్ బకాయిలు ఎంతవరకు వచ్చాయో అందులో చెప్పాలి. మొదటి ఉత్తరం ఈ సెమిస్టర్‌లోనే రావాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, విశాఖపట్నం