2025 వేసవి పనులపై సభ్యులకు సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒకేషనల్ జూనియర్ కళాశాలల్లో వ్యవసాయం బోధించే అధ్యాపకులమైన మన సంఘం 2025–26లో చేపట్టిన పనుల్లో అధిక భాగం వేసవి సెలవుల్లోనే జరిగింది కనుక, ఈ నివేదిక ముఖ్యంగా ఆ నెలలకే పరిమితమవుతున్నది. మట్టి నమూనా తీయడం, వేసవి దుక్కి, విత్తన మొలక పరీక్ష వంటివి పొలం ఖాళీగా ఉన్నప్పుడు చేయవలసిన పనులు. తరగతులు మొదలయ్యేసరికి వాటి అదను దాటిపోతుంది కాబట్టి ఏటా వాటిని నల్లబల్ల మీదనే చెప్పి సరిపెట్టుకుంటున్నామని గత సర్వసభ్య సమావేశంలో పలువురు సభ్యులు బాధపడ్డారు. ఆ లోటును కొంతైనా తీర్చాలన్నదే ఈ ఏడాది మన ప్రయత్నం.

మొదటి పనిగా ప్రతి అధ్యాపకుడూ తన కళాశాలకు దగ్గరలో ఒక రైతు పొలాన్ని ఎంచుకుని, మట్టి నమూనాను స్వయంగా తీయాలని నిర్ణయించాం. పైనున్న చెత్తను పక్కకు తీసి, ఎకరానికి 8 నుంచి 10 చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, గుంట పక్కగోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంతో మట్టిని గీరి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను పారవేస్తూ చివరికి అరకిలో మిగుల్చుకోవాలన్నది మనమందరం ఏళ్లుగా చెబుతున్న పాఠమే. చేతికి పార అందుకున్నాక మాత్రం పాఠంలో లేని చిక్కులు ఎదురయ్యాయి. గట్టు వారగా, చెట్టు కింద, ఎరువు దిబ్బ దగ్గర మట్టి తీయకూడదని తెలిసినా, రెండెకరాల చిన్న చెక్కలో అవన్నీ వదిలేస్తే మిగిలే చోటు ఎంతో అప్పుడే తెలిసింది. ఒక నమూనాలో భాస్వరం అనూహ్యంగా ఎక్కువ రావడంతో ఆరా తీయగా, మట్టిని డీఏపీ అనే భాస్వరపు ఎరువు ఖాళీ సంచి మీద ఆరబెట్టినట్టు తేలింది. ఆ పొరపాటు చేసింది ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శే. ఆ ఫలితాన్ని కొట్టివేసి మళ్లీ నమూనా తీశాం. తడి మట్టి తగిలి సిరా చెరిగిపోతున్నందున సర్వే నంబరు చీటీలను పెన్సిలుతో రాయడం మేలని కూడా అనుభవంలో తెలుసుకున్నాం. చీని (బత్తాయి) తోటల్లో అడుగడుగు లోతుకూ విడివిడిగా నమూనా తీయవలసి ఉండగా, మూడో అడుగు దగ్గరే గడ్డపార మొరాయించింది. ఆ పనిని పూర్తి చేయలేకపోయాం.

మే నెలలో కురిసిన జల్లులకు నేల మెత్తబడగానే కొందరు సభ్యులు వాలుకు అడ్డంగా వేసవి దుక్కులు చేయించారు. నాగలి వెనుక కాకులు, గోరింకలు, కొంగలు వాలి మట్టిలోంచి ఏరుకు తింటున్నవి ఏమిటో పిల్లలు దగ్గరకు వెళ్లి చూశారు. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు కోశస్థ (ప్యూపా) దశలో మట్టిలోనే దాగి ఉండి, తొలకరి వానలు పడగానే రెక్కల పురుగుగా బయటికి వస్తుందన్న సంగతిని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివారికి, తడిమట్టితో నింపిన గాజు సీసాలో పెట్టిన నాలుగు కోశాలు చక్కగా నేర్పాయి.

విత్తన వేరుశనగ విషయంలో కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 2005లో విడుదలైన కదిరి–6 రకం కాయలనే తీసుకుని, సగం చేత్తో, సగం యంత్రంతో వలిపించి, ఒక్కో విధంగా వలిచినవాటిలో 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి మొలకలు లెక్కించాం. ధ్రువీకృత వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలి. చేత్తో వలిచినవి ఆ గీత సులువుగా దాటగా, యంత్రంలో పైపొర చిట్లిన గింజలు బూజు పట్టి వెనుకబడ్డాయి. వలిచిన విత్తనాన్ని ఎక్కువ రోజులు ఉంచవద్దని, విత్తే ముందే వలుచుకోవాలని రైతులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం మనకు అక్కరలేదు.

నారుమడులకు ఎండ వేడితో శుద్ధి చేసే ప్రయత్నం మాత్రం విఫలమైంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న నమ్మకంతో మే రెండో వారంలో మడులను తడిపి ప్లాస్టిక్ పట్టాలు పరిచాం. 2025లో నైరుతి రుతుపవనాలు సాధారణ తేదీ అయిన జూన్ 1 కంటే ముందుగా, మే 24నే కేరళను తాకాయి. మబ్బులు కమ్మి, పట్టాల మీద నీళ్లు నిలిచి, గాలికి అంచులు లేచిపోయాయి. పైగా ఒక చోట తెల్లటి పారదర్శక పట్టాకు బదులు నల్లది కొన్నారు. నల్ల పట్టా ఎండ వేడిని తానే పీల్చుకుంటుంది గాని నేలలోకి అంతగా దించదు. నాలుగు నుంచి ఆరు వారాల గట్టి ఎండ కావాలంటే ఏప్రిల్ మధ్యలోనే పరచాలి.

శిక్షణ తరగతులకు వెళ్లిన సభ్యుల పత్రాలు దస్త్రంలో ఉన్నాయి. వాటిని గురించి వివరించవలసినది అంతగా లేదు. గెస్ట్ అధ్యాపకులకు పీరియడ్ల లెక్కన చెల్లిస్తారు గనుక సెలవుల్లో వారికి ఆదాయం ఉండదు. అలాంటివారిని ఉచితంగా పొలానికి రమ్మనడం న్యాయం కాదని భావించి, వారి ప్రయాణ, భోజన ఖర్చులను సంఘ నిధి నుంచి ఇచ్చాం. ఈ పద్దుపై ఇద్దరు సభ్యులు అభ్యంతరం తెలిపినా, కార్యవర్గం తన నిర్ణయాన్ని సమర్థించుకుంటున్నది.

వచ్చే వేసవికి అవసరమైన గుడ్డ సంచులు, పెన్సిళ్లు, పారదర్శక పట్టాలు కోశాధికారి వద్ద సిద్ధంగా ఉన్నాయి. పట్టాలు కావలసినవారు ఏప్రిల్ మొదటి వారంలోగా, మిగతావి కావలసినవారు సెలవులు మొదలయ్యేలోగా సంతకం చేసి తీసుకువెళ్లగలరని మనవి.

కార్యదర్శి