టీమ్ ఫాయిల్: కోచ్‌లకు, కొత్తగా ఆడే అమ్మాయిలకు

అందరికీ నమస్కారం. ఫాయిల్ అంటే ఫెన్సింగ్ (కత్తిసాము)లో వాడే ఒక రకం సన్నని కత్తి, దాంతో ఆడే పోటీ. జట్టుకు ముగ్గురు ఆటగాళ్లు, ఒక రిజర్వ్. తొమ్మిది బౌట్లు (ఇద్దరిద్దరు తలపడే విడతలు), ఒక్కోటి గరిష్ఠంగా 3 నిమిషాలు, మొత్తం 45 పాయింట్లు. స్కోరు 5, 10, 15 అంటూ మెట్లు ఎక్కుతుంది, ఏ జట్టయినా ఆ మెట్టు చేరితే ఆ బౌట్ ముగుస్తుంది. మొదటి బౌట్ 2–5తో పోయినా రెండో అమ్మాయి 10 దాకా వెళ్లొచ్చు, అంటే తనొక్కతే 8 టచ్‌లు (పాయింట్ తెచ్చే తాకుళ్లు) కొట్టొచ్చు. అందుకే వెనకబడగానే కంగారుపడి దూకకండి.

బౌట్ల క్రమం చూసే పేర్లు రాయండి. ఒక జట్టు స్థానాలు 1, 2, 3; అవతలి జట్టువి 4, 5, 6. 3వ స్థానం 1, 5, 9 బౌట్లు ఆడుతుంది. అవతలి వైపు చివరి బౌట్ 5వ స్థానానిది, దానివి 2, 6, 9. నిబ్బరమున్న అమ్మాయికే చివరి బౌట్ ఆడే చోటు ఇవ్వాలి. పారిస్ 2024 ఒలింపిక్స్ మహిళల టీమ్ ఫాయిల్ ఫైనల్లో అమెరికా 45–39తో ఇటలీని ఓడించింది. కాంస్య పోరులో జపాన్ 33–32తో కెనడాపై గెలిచింది. ఒక్క టచ్ తేడా, చూడండి!

కిట్ సంగతి మరీ ముఖ్యం. ఫాయిల్ మొన మీద 500 గ్రాముల బరువు పెడితే స్ప్రింగ్ దాన్ని పైకి నెట్టాలి. లేమే జాకెట్ (పాయింట్ దక్కే భాగాన్ని కప్పే, లోహపు దారాల జాకెట్) చెమటకు తుప్పుపట్టిన చోట తగిలితే రంగు లైటు బదులు తెల్లలైటు వస్తుంది, పాయింట్ దక్కదు. చంకల కింద, భుజాల దగ్గర మీటరుతో తప్పక పరీక్షించండి. పనిచేసే ఫాయిళ్లు రెండు, బాడీ వైర్లు (కత్తిని స్కోరు యంత్రానికి కలిపే, ఒంటి మీది తీగలు) రెండు పిస్ట్ (పోటీ ఆడే పట్టీ) దగ్గర ఉండాలి.